ఖులీ లైన్ పట్టుకురమ్మన్నారు

మన పూర్వ విద్యార్థుల కలయిక సందర్భంగా స్కూలు ఎన్‌సీసీ గురించి రాసేవాళ్లు కవాతులు, కప్పుల గురించి ఎలాగూ రాస్తారు. నాకు మాత్రం క్యాంపుల్లో మేం ఒకరినొకరు ఆటపట్టించుకున్న సంగతులు రాయాలనుంది. ఆ నవ్వులే లేకపోతే మాలో చాలామంది మూడో రోజుకే ఇంటిదారి పట్టేవాళ్లు.

ఎన్‌సీసీలో స్కూలు పిల్లలకిచ్చే ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే వార్షిక శిక్షణ శిబిరానికి వెళ్లి ఉండాలి. పది రోజులు. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే ఏ డిగ్రీ కాలేజీలోనో పెట్టేవారు. బెంచీలు తీసేసిన గదుల్లో వరసగా చాపలు, గోడవారగా ట్రంకు పెట్టెలు, మే నెల ఉక్కపోత. ఎనిమిదో తరగతి పిల్లల్లో చాలామంది అమ్మను వదిలి ఒక్క రాత్రి కూడా ఉండి ఎరగరు. లైట్లు ఆర్పగానే ఏదో ఒక మూల నుంచి వెక్కిళ్లు వినపడేవి.

దానికి మన సీనియర్ల దగ్గర ఒక మందు ఉండేది: లేని వస్తువు తెమ్మని సామాన్ల స్టోరుకు పంపడం. డ్రిల్ ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి కదా! సావధాన్, విశ్రామ్ దాకా పర్వాలేదు, ఆపైన అంతా అయోమయమే. ‘ఖులీ లైన్ చల్’ అంటే వరసల మధ్య ఎడం పెంచాలి, ‘నికట్ లైన్ చల్’ అంటే మళ్లీ దగ్గరకు జరగాలి. కొత్తవాళ్లకు ఇది తెలిసేలోపే పట్టుకోవాలి.

“తమ్ముడూ, సాయంత్రం పరేడ్‌కి ఖులీ లైన్ కావాలంట. స్టోరులో ఉస్తాద్‌ని (శిక్షకుణ్ణి) అడిగి పట్టుకురా. బరువుంటుంది, ఇంకొకణ్ణి తోడు తీసుకెళ్లు.”

ఇద్దరూ పరుగెత్తారు. స్టోరులో ఉన్నది పెద్ద మీసాల హవల్దారు. ఆయనకు ఈ ఆట ఏటా అలవాటే. రిజిస్టరు తెరిచి, వేలు తడి చేసుకుంటూ నాలుగు పేజీలు తిప్పి, వచ్చీరాని తెలుగులో “ఖులీ లైన్ ఖతం. నికట్ లైన్ ఉంది. కావాలా?” అన్నాడు. వాళ్లు అంతే వేగంగా వెనక్కొచ్చారు. “అన్నా, నికట్ లైనే ఉందంట, తెచ్చేయమంటావా?”

గది గదంతా పగలబడి నవ్వింది. అసలు విషయం చెప్పాక అందరికంటే గట్టిగా నవ్వినవాడు ముందురోజు రాత్రి వెక్కిళ్లు పెట్టినవాడే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఖులీ లైన్ ఆదేశం మళ్లీ ఎప్పుడూ తప్పలేదు. మరుసటి ఏడాది కొత్తవాళ్లను స్టోరుకు పంపింది కూడా వాడే!

నిద్రలో టూత్‌పేస్టుతో మీసాలు దిద్దడం, దుప్పట్లు మార్చేయడం మామూలే. కానీ మన సీనియర్లు కొన్ని హద్దులు పెట్టారు. తిండి జోలికి, నీళ్ల సీసా జోలికి, బూట్ల జోలికి పోకూడదు. ఏడ్చేవాణ్ణి చూసి నవ్వకూడదు. ఫైరింగ్ రేంజ్ దగ్గర అసలు వేళాకోళమే లేదు, చేతిలో పాయింట్ టూ టూ రైఫిల్ ఉంటుంది మరి.

ఒకసారి వేరే స్కూలు కుర్రాళ్లు మనవాడి బూట్లు దాచేశారు. తెల్లవారుజామున ఫాలిన్‌కి, అంటే వరసలో నిలబడే వేళకి, వాడు చెప్పులతో వచ్చాడు. శిక్షగా కంకర నేల మీద ఫ్రంట్ రోల్స్ (ముందుకు పిల్లిమొగ్గలు) చేయించారు, మోచేతులు గీరుకుపోయాయి. ఆ రాత్రి మన క్యాంప్ సీనియర్ ఆ గదికి వెళ్లాడు. కేకలేయలేదు. వాడి మోచేతులు వాళ్లకు చూపించి, “ఇందులో నవ్వొచ్చేది ఎక్కడుందో చెప్పండి” అని అడిగాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. పొద్దున్నే బూట్లు పాలిష్‌తో సహా వచ్చాయి. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ సీనియరే గుర్తొచ్చాడు. ఆ బూట్ల గొడవ నాటికి ఆయనకు పదిహేనేళ్లు కూడా నిండలేదు.

చివరి రాత్రి బడాఖానా (అందరూ కలిసి చేసే విందు), క్యాంప్ ఫైర్. ఆ ఒక్క రాత్రి అధికారులను అనుకరించడానికి అనుమతి ఉండేది. మనవాడు స్టోరు హవల్దారులా నడుస్తుంటే ఆయనే లేచొచ్చి తన టోపీ తీసి వాడి తలకు పెట్టి, “మూఛ్ కహా?” (మీసం ఏది?) అన్నాడు. బూట్ పాలిష్‌తో అక్కడికక్కడే మీసం దిద్దాం. కమాండెంట్ గారు నవ్వలేక కుర్చీలో ఒరిగిపోయారు.

ఈసారి మన కలయికలో ఒక సాయంత్రం క్యాంప్ ఫైర్‌కు కేటాయించమని నిర్వాహకులను కోరుతున్నాను. స్కిట్ సంగతి మా బ్యాచ్ చూసుకుంటుంది. స్కూల్లో ఇప్పుడు చదువుతున్న క్యాడెట్లను కూడా పిలవండి.