మూడు వేల చక్రం మీద గీతలు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి, నేనే పూత వేసుకున్న సాన చక్రం మీద గార్నెట్ అనే ఎర్రరాయి ఒక్క గీత కూడా లేకుండా తేలింది. ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ సంతోషం, మధ్యలో పడ్డ అవమానం రెండూ ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి ఉద్యోగి. గరీబ్‌పేట గుట్ట వైపు వాగుల్లో ఏరిన ఎర్రరాళ్లను ఒక గాజు సీసాలో దాచి, పోయే ముందు నా చేతిలో పెట్టారు. ఇంటర్ పిల్లలకు 28 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, ఆ రాళ్ల కోసమే పాత సాన మెషిన్ కొన్నాను. 6 అంగుళాల వజ్రపు పూత చక్రాలు ఐదు: 80, 220, 600, 1200, 3000. అంకె పెరిగేకొద్దీ పూతలోని వజ్రపు రేణువు సన్నబడుతుంది. చివరి రెండూ అరిగి నున్నగా అయిపోయాయి. కొత్తవి తెప్పించుకోమని మా అబ్బాయి అన్నాడు. పూత నేనే వేస్తానన్నాను.

ముందే చెబుతున్నాను, 80, 220 లాంటి ముతక చక్రాల జోలికి ఇంట్లో వెళ్లకండి. వాటిలో వజ్రపు రేణువులను స్టీలు మీద నికెల్ పట్టి ఉంచుతుంది. అది పోతే మళ్లీ నికెల్ లవణాల వేడి ద్రావణంలో ముంచి కరెంటు పంపాలి. ఆ లవణాలు చర్మానికీ ఊపిరితిత్తులకూ చేటు. ఒక ప్లేటింగ్ షాపులో అడిగి చూశాను. "ఒక్క చక్రానికి ట్యాంకు పెట్టం అమ్మా" అన్నారు, కూర్చోమని కూడా అనలేదు. సన్న చక్రాలకు మాత్రం ఎపాక్సీ జిగురు చాలు.

పని పెద్ద కష్టం కాదు. ముందు 3000 చక్రం పాత పూత గీకేసి, దాని చుట్టూ దళసరి క్యాన్వాస్ గుడ్డ అతికించాను. అతుకు ఏటవాలుగా కత్తిరించాలి, లేకపోతే రాయి ప్రతి చుట్టుకూ ఎగురుతుంది. 20 క్యారెట్ల వజ్రపు పొడి, అంటే 4 గ్రాములు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది కాకుండా మామూలు అరాల్డైట్ ఎపాక్సీలో కలిపి, నాలుగు చుక్కలు అసిటోన్ వేసి, కిటికీలు తెరిచి, పాత ప్లాస్టిక్ కార్డుతో పులిమాను. జారిపోకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. 24 గంటలు ఆగాక, పైన మెరిసే పొరను అల్యూమినియం ఆక్సైడ్ కడ్డీతో నీళ్లు పోస్తూ అరగదీశాను. ఆ పొర పోతేనే వజ్రం బయటపడి రాయిని పట్టుకుంటుంది.

తర్వాత మొదలైంది టెన్షన్. 3000 చక్రం మీద పెట్టిన ప్రతి రాయికీ గీతలే. గార్నెట్ ముదురు ఎరుపు కదా, దీపం కింద పట్టుకుంటే అద్దం మీద మేకుతో గీసినట్టు కనబడేవి. 80 చక్రం నుంచి చిందిన బురద అనుకుని తొట్టి మొత్తం కడిగాను. రాయినీ నా గోళ్లనూ టూత్‌బ్రష్‌తో తోమాను. బేరింగులు ఊగుతున్నాయేమో చూశాను. గార్నెట్‌లోనే లోపమేమోనని అగేట్ అనే వేరే రాయి పెట్టి చూస్తే దానికీ అవే గీతలు.

పొడి కొన్న దుకాణానికి వెళ్లాను. యజమాని రాయి తిప్పి చూసి, "పొడిది తప్పేం లేదమ్మా, చెయ్యి వణికితే ఇట్లాగే పడతాయి. ఈ వయసులో మీకెందుకీ సాన పని?" అన్నాడు. పక్కన పనిచేసే కుర్రాళ్లిద్దరు నవ్వారు. ఏమీ అనలేక వచ్చేశాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర రెండు చేతులూ చాచి ఎంతసేపు చూసుకున్నానో. నిజంగానే వణుకుతున్నాయేమోనని భయం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు రోజులు మెషిన్ మీద గుడ్డ కప్పేశాను.

మూడో రోజు రాళ్లన్నీ ముందేసుకుని భూతద్దంతో చూశాను. గీతలన్నీ చక్రం తిరిగే దిక్కునే ఉన్నాయి, లోతూ ఒకటే. వణికే చెయ్యి అంత తిన్నగా గీయదు. చక్రం పూతలోనే ముతక రేణువులు ఉన్నాయన్నమాట. 3000 పొడి రేణువు సుమారు 6 మైక్రాన్లు ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పొడిలో ఇంకా సగం మిగిలే ఉంది.

స్టోక్స్ సూత్రం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో! నీళ్లలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేశాను. 6 మైక్రాన్ల వజ్రపు రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు అరగంట పడుతుంది. 40 మైక్రాన్లదైతే నిమిషం కూడా పట్టదు. పొడవాటి గాజు గ్లాసులో నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, పొడి వేసి కలిపి 5 నిమిషాలు ఆగి, పైనీళ్లు వేరే గిన్నెలోకి వంచాను. అడుగున మిగిలిన మడ్డికి కొంత సన్న పొడి కూడా అంటుకుంటుంది కాబట్టి అలా మూడుసార్లు చేశాను. చివరికి అడుగున చిటికెడు ఉండిపోయింది, వేలికి గరగరమంటూ. కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోప్ కింద నా తలవెంట్రుక పక్కన పెట్టి చూశాను. వెంట్రుకలో సగం లావున్న రేణువులు! అలాంటివి రెండుంటే చాలు, చక్రం మొత్తం పాడే. అమ్మేవాడు ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, పొడిని ఇలా చూసుకోకుండా చక్రానికి పుయ్యకండి.

ఆ మడ్డిని చిన్న సీసాలో పోసుకుని మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. భూతద్దం ఆయన చేతికే ఇచ్చాను. చాలాసేపు చూసి, మాట్లాడకుండా వేరే పొట్లం తీసి ఇచ్చాడు. క్షమాపణ అడగలేదు. కుర్రాళ్లు మాత్రం ఈసారి లేచి కుర్చీ వేశారు.

కొత్త పొట్లాన్నీ అలాగే నీళ్లలో పరీక్షించాకే వాడాను. పాత గుడ్డ పీకేసి, కొత్త గుడ్డ చుట్టి, మొదటి నుంచీ మళ్లీ. నిన్న తేలిన రాయి ఆ చక్రం మీదిదే.

ఇప్పుడు 1200 చక్రానికి పొడి గ్లాసులో దిగుతోంది. దీనికి 5 నిమిషాలు ఆగకూడదు. 15 మైక్రాన్ల రేణువులు కాబట్టి మంచివి కూడా అడుక్కి చేరిపోతాయి. నిమిషంన్నరకే వంచేస్తున్నాను.