కవరు మందం, కవరు ధర

మా వీధి చివర ఉన్న కర్రీ పాయింటులో సాయంత్రం ఏడు దాటితే నిలబడటానికి చోటు దొరకదు. దుకాణదారు గరిటెతో సాంబారు పోసి, కవరు మూతిని గుప్పిట్లో బిగించి, లోపల కాస్త గాలి నిలిచేలా మెలితిప్పి రబ్బరు బ్యాండు చుట్టడానికి నాలుగైదు సెకన్లకు మించి పట్టదు. పప్పుకొకటి, వేపుడుకొకటి, పెరుగుకొకటి చొప్పున కట్టిన ఆ చిన్న కవర్లన్నీ చివరకు చెవులున్న ఒక పెద్ద కవరులోకి చేరతాయి. పొగలు కక్కే సాంబారును ప్లాస్టిక్కులో పోయించుకుని ఇంటికి తెచ్చి పిల్లలకు వడ్డించడం నాకు చాలాకాలంగా మనసుకు కష్టంగా ఉంది.

ప్రభుత్వ నిబంధనలు ఎక్కువగా పట్టించుకున్నది ఆ చెవులున్న కవరునే. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు దాని మందం కనీసం 50 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలన్నాయి. 2021 సెప్టెంబరు 30 నుంచి దానిని 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి పెంచారు. పలుచని కవరు చవక కనుక విచ్చలవిడిగా ఇస్తారు, ఏరుకునేవారికి దానివల్ల గిట్టుబాటు ఉండదు కనుక కాలువల్లోనే మిగిలిపోతుంది. మందంగా ఉంటే ఖరీదు పెరిగి వాడకం తగ్గుతుందన్నది ఇందులోని ఆలోచన. ఆలోచన సరైనదే. కానీ 75 మైక్రాన్లకు, 120 మైక్రాన్లకు తేడా తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే ఆమె వేళ్లతో తడిమి ఎలా చెప్పగలదు? కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, మందం ముద్రించి ఉండాలని నిబంధన ఉన్నా, మా బజారులో నా చేతికి వచ్చే కవర్లలో చాలావాటి మీద ఏ అక్షరమూ ఉండదు. గుడ్డసంచిలా కనిపించే రంగురంగుల సంచుల సంగతీ అంతే. అవి కూడా ప్లాస్టిక్ పోగులతో చేసినవేనని, వాటికీ చదరపు మీటరుకు 60 గ్రాముల కనీస బరువు నిర్ణయించారని తెలియక వాటిని నూలు సంచులనుకుని తెచ్చుకుంటున్నాం.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. 2011 నాటి నిబంధనల్లో దుకాణదారు కవరును ఉచితంగా ఇవ్వకూడదని ఉండేది. 2016లో, కవర్లు ఇవ్వదలచిన వర్తకులు స్థానిక సంస్థ వద్ద నమోదు చేసుకుని నెలకు కనీసం 4,000 రూపాయలు కట్టాలన్నారు. వీధి వ్యాపారులకు ఆ మొత్తం మోయలేని భారం, నిజమే. అయితే 2018 సవరణలో ఆ భారాన్ని తగ్గించడానికి బదులు ఆ నియమాన్నే తీసివేశారు. కొనేవారు కవరుకు రెండు రూపాయలు విడిగా ఇవ్వవలసి వస్తే ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే సంచి గుర్తుకు వస్తుంది. మైక్రాన్ల లెక్క ఎవరికీ గుర్తుకు రాదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించినప్పుడు గాజు సీసాలను అందుబాటులోకి తెచ్చారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే దానికోసం కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది. అందుకే అక్కడ ఆ సీసాను భక్తులు జాగ్రత్తగా పట్టుకుని తిరుగుతారు.

రెండు నెలల క్రితం నేను కర్రీ పాయింటుకు స్టీలు క్యారేజీ తీసుకువెళ్లాను. దుకాణదారు ఎంతో మర్యాదగా అందుకుని, ముందు సాంబారును కవరులో పోసి, ఆ కవరును నా గిన్నెలో ఒంపి, ఖాళీ కవరును కాళ్ల దగ్గరి బుట్టలో పడవేశాడు. అదేమిటని అడిగితే, “కవరుకైతే కొలత తెలుసమ్మా, గిన్నెకు ఎంత పోయాలో తెలియదు” అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు; అతని వ్యాపారమంతా ఆ కవరు కొలత మీదే నడుస్తోంది. మరునాడు ఇద్దరం కలిసి ఒక కవరు సాంబారును స్టీలు గ్లాసుతో కొలిచి చూశాం. రెండు గ్లాసులకు కొంచెం తక్కువ వచ్చింది. ఇప్పుడు ఆ గ్లాసు సాంబారు గిన్నె పక్కనే ఉంటోంది, క్యారేజీ తెచ్చేవారికి నిండుగా రెండు గ్లాసులు పోస్తున్నాడు.