గోడ వెనక కుర్రాడు

పల్నాడు ఎక్స్‌ప్రెస్ నుంచి గుంటూరులో దిగేసరికే రాత్రయింది. అరండల్‌పేటలో ఓ లాడ్జిలో బ్యాగు పడేసి, భోజనం సంగతి తర్వాత చూద్దామని ఆటో ఎక్కి శ్రీ వెంకటేశ్వర విజ్ఞాన మందిరానికి పరుగెత్తాను. 2023 డిసెంబర్ 23 నుంచి 29 దాకా అక్కడ నంది నాటకోత్సవాలు, రాష్ట్ర ప్రభుత్వం జరిపే నాటక పోటీలు. నేను వెళ్ళేసరికి ఆ రోజు ఆఖరి నాటిక చివరి సీనులో ఉంది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండానే పక్కాయనతో పాటు నేనూ చప్పట్లు కొట్టేశాను.

ఆ పక్కాయనే మర్నాడూ దొరికారు. తెనాలి వైపు మనిషి, రిటైరైన టీచరు. వయసులో ఉండగా ముప్ఫయ్యేళ్ళు పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడారట. మాస్టారూ అంటే పలికేవారు.

హైదరాబాద్‌లో ఎప్పుడైనా రవీంద్రభారతికి వెళ్ళి ఒక నాటకం చూసి రావడమే తప్ప, పోటీ నాటకాలు పొద్దుట్నించీ వరసపెట్టి చూడటం నాకిదే మొదలు. హాల్లో సగం మంది వేరే నాటక సమాజాల నటులే. డైలాగు ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, వీళ్ళ పెదాలు కదులుతాయి. అన్నిటికన్నా నాకు అదే ముచ్చటేసింది.

రెండో నాటిక సాంఘికం. మధ్యతరగతి ఇల్లు, కోపంగా బయటికెళ్ళే కొడుకు. అతను ధడేల్మని తలుపు వేయగానే గోడ మొత్తం ఊగింది. నాకు నవ్వొచ్చింది కానీ చుట్టూ ఎవరూ నవ్వలేదు. మాస్టారు ముందుకు వంగి, "పట్టుకున్నాడు" అన్నారు మెల్లగా. ఎవరో, ఏమిటో అర్థం కాలేదు.

తెర పడగానే టీకి లేచాను. "టీ ఎక్కడికీ పోదు బాబూ, వెనక గేటు దగ్గరికి పద" అని లాక్కెళ్ళారు. అక్కడ ఇంకో లోకం. ఇందాక కాపురం చేసిన ఇల్లు అయిదారు ప్లైవుడ్ ముక్కలై వ్యానెక్కుతోంది. దానికి ఎదురుగా ఇంకో సమాజం వాళ్ళ మంచం, తులసికోట, కరెంటు స్తంభం లోపలికి పోతున్నాయి. సెట్ వేసుకోవడానికి నిమిషాలు లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి ఎవరూ నడవరు, అంతా పరుగే. ఈ హడావిడిలో పద్య నాటకం వేషంతో ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బంకతో అంటించిన మీసాన్ని ఒక వేలితో పైకెత్తి పట్టుకుని టీ తాగుతున్నాడు. కిరీటం ఒళ్ళో ఉంది.

వ్యాను పక్కన ఇరవయ్యేళ్ళ కుర్రాడు భుజం రుద్దుకుంటున్నాడు. "ఒక బోల్టు ఊళ్ళోనే మర్చిపోయాం సార్. తలుపు సీను అయ్యేదాకా వెనక నిలబడి ఆన్చి పట్టుకున్నా." నాటకంలో వేషం లేదా అంటే తల అడ్డంగా ఊపాడు. "వచ్చేసారి ఇస్తామన్నారు."

మధ్యాహ్నం పద్య నాటకం. నాకు పద్యం చెవి తక్కువ, రెండు చోట్ల కునుకు తీశాను, దాచడమెందుకు. రాగం అందుకున్నప్పుడల్లా మాస్టారు తొడ మీద వేళ్ళు ఆడిస్తూ, తొందరగా ముగిస్తే మాత్రం విసుక్కున్నారు. వాళ్ళ రోజుల్లో కృష్ణ రాయబారం నాటకానికి ముగ్గురు కృష్ణులు, అంకానికొకరు దిగేవారట. జనం వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళీ మొదటికి. పోటీల్లో గడియారం ఉంటుంది కదా అన్నాను. "అదే వచ్చిన గొడవ" అన్నారు.

ఆడవేషాలకు పేరుపడ్డ పాతతరం నటుడు స్థానం నరసింహారావు పేరెత్తారు. సత్యభామ వేషంలో ఆయన్ని వాళ్ళ నాన్న చూశారట. 'మీరజాలగలడా' పాటను స్థానం వారే రాసుకున్నారు. సుశీల గొంతులో సినిమా పాటగా వినడం తప్ప, అది ఒక నటుడు తన వేషం కోసం కట్టుకున్న పాట అని నాకప్పటిదాకా తెలియదు.

రాత్రి ఆఖరి నాటికలో మళ్ళీ ఒక ఇల్లు, మళ్ళీ ఒక తలుపు. కథ బాగానే నడుస్తోంది. నా కళ్ళు మాత్రం గోడ మీదే. తలుపు పడింది, గోడ కదల్లేదు. మాస్టారి వైపు చూశాను. "దీనికి బోల్టులున్నాయి" అన్నారు.