లైసెన్సు మాదే, మరి సర్వర్ ఎవరిది? బిజ్‌టాక్ హోస్టింగ్ మార్చిన నా అనుభవం

మిర్చి ఎగుమతి చేసే కంపెనీకి బిజ్‌టాక్ సర్వర్‌తో ఏం పని అని వరంగల్ మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మా తమ్ముళ్ళే నవ్వుతుంటారు. పని ఉంది. మా దగ్గర సరుకు కొనే యూరప్ కంపెనీలు ఆర్డర్లు ఫోన్‌లో చెప్పవు, మెయిల్‌లోనూ పంపవు. ఎడిఫ్యాక్ట్ అనే అంతర్జాతీయ ఫార్మాట్‌లో, ఏఎస్2 అనే ఇంటర్నెట్ మీద సురక్షితంగా పంపే పద్ధతిలో వాళ్ళ కంప్యూటర్ నేరుగా మన కంప్యూటర్‌కి పంపుతుంది. అది మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి అర్థమయ్యేలా మార్చాలి. కంటైనర్ కదిలితే ఆ వివరాలు తిరిగి వాళ్ళకి పంపాలి, తర్వాత ఇన్వాయిస్. అదే ఇన్వాయిస్ ఇటు జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కీ పోవాలి. మధ్యలో కూర్చుని ఇవన్నీ మార్చి అటూ ఇటూ చేరవేసేదే మైక్రోసాఫ్ట్ వాళ్ళ బిజ్‌టాక్. 2017లో హైదరాబాద్ కన్సల్టెంట్లు చెప్పిన రేటు విని మా సేటు నోరు వెళ్ళబెడితే, ఎనుమాముల మార్కెట్ దగ్గరున్న మా ఆఫీసులో కూర్చుని ఒక ఫార్మాట్‌ని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే ఆ మ్యాపులు నేనే రాశాను. ఈ-ఇన్వాయిస్ తర్వాత వచ్చింది, దాని మ్యాపు అప్పుడు కలిపాను. ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా, ఇక్కడ చెప్పుకుంటున్నా.

అప్పుడు కొన్నది బిజ్‌టాక్ 2016 స్టాండర్డ్, 4 కోర్లకి (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం). దాంతోపాటు దాని డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అంటే లైసెన్సు మీద అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఒప్పందం, కొత్త వెర్షన్లూ కొన్ని అదనపు హక్కులూ వస్తాయి. అమ్మిన డీలర్ "సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ దండగ సార్, అప్‌గ్రేడ్ మీకెందుకు" అని సేటుకి చెప్పి రేటు తగ్గించి ఆర్డర్ కొట్టేశాడు. ఆ పెద్దమనిషి మాట ఖరీదు ఎంతో 2025లో తెలిసింది.

మొదట సర్వర్ మా ఆఫీసులోనే ఉండేది. మిర్చి గోదాము పక్కన సర్వర్ అంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. ఫ్యాన్ ఎర్రటి దుమ్ము పీల్చి పీల్చి గరగరమని మోగేది. సర్వీసుకి వచ్చిన ఇంజనీరు మూత తీసి, తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తాడు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక హోస్టింగ్ కంపెనీకి మార్చాం. "లైసెన్సులతో సహా అన్నీ మేమే చూసుకుంటాం" అన్నారు. బిల్లులో నెలనెలా లైసెన్సు చార్జీలు కట్టాం. మేం కొన్న లైసెన్సు కాగితాలు అల్మారాలోకి వెళ్ళిపోయాయి.

2025 సెప్టెంబరులో ఎంగిలిపూల బతుకమ్మ అయిన మర్నాడు ఆ హోస్టింగ్ కంపెనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. 22వ తారీఖు. జీఎస్టీ కొత్త రేట్లు మొదలైన రోజు. అట్టపెట్టెలు 12 నుంచి 5 శాతానికి మారాయని మా అకౌంటెంట్ అన్న తల పట్టుకుని కూర్చున్నాడు. మెయిల్ సారాంశం ఇది: సెప్టెంబరు 30 తర్వాత బిజ్‌టాక్, ఎస్‌క్యూఎల్ లైసెన్సులు మేం ఇవ్వలేం, మీ సొంత లైసెన్సు పత్రాలు పంపండి, లేకపోతే చట్టపరమైన బాధ్యత మీదే. నాకొక్కడికే పంపినా బాగుండేది. సేటుకి, మా ఆడిటర్ గారికి కూడా కాపీ పెట్టారు.

ముందు అసలు రూల్ ఏంటో చెబుతాను, లేకపోతే తర్వాతి లొల్లి అర్థం కాదు. హోస్టింగ్ కంపెనీ మనకి మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ కిరాయికి ఇవ్వాలంటే ఎస్పీఎల్ఏ అనే ఒప్పందం కింద ఇవ్వాలి. ఏ నెల ఎన్ని కోర్లు వాడారో వాళ్ళే లెక్క చెప్పి కట్టాలి, మన దగ్గర వసూలు చేసుకోవాలి. అలా వాడినంతకాలం మన చేతిలో లైసెన్సు కాగితం ఉండక్కర్లేదు. అయితే 2022లో మైక్రోసాఫ్ట్ ఒక మార్పు ప్రకటించింది. అమెజాన్, గూగుల్, అలీబాబా, మైక్రోసాఫ్ట్ సొంత అజూర్, ఈ నలుగురినీ లిస్టెడ్ ప్రొవైడర్లు అంటారు. వీళ్ళ క్లౌడ్ మీద సర్వర్లు తీసుకుని, వాటిపై ఎస్పీఎల్ఏ లైసెన్సులు పెట్టి మనలాంటి వాళ్ళకి ఇవ్వడం 2025 సెప్టెంబరు 30తో బంద్.

మరి హైదరాబాద్‌లో సొంత డేటా సెంటర్ ఉందన్న కంపెనీకి ఈ రూల్ ఎందుకు తగలాలి? నాకు వచ్చిన మొదటి అనుమానం అదే. తగిలిందంటే అర్థం ఏంటంటే, మధ్యలో ఎప్పుడో మా సర్వర్లని చెప్పాపెట్టకుండా ఆ నలుగురిలో ఒకరి క్లౌడ్‌కి తరలించారు. సొంత ర్యాకుల కిరాయి మా దగ్గర వసూలు చేస్తూ! పైగా 2022లో వచ్చిన కబురుని మూడేళ్ళు కడుపులో దాచుకుని, గడువుకి వారం ముందు మా నెత్తిన వేశారు.

ఇక ఆ వీడియో కాల్. సేటు గదిలో పెట్టారు. సేటు, ఆడిటర్ గారు, నేను. ములుగు వైపు నుంచి చపాటా మిర్చి డబ్బుల కోసం వచ్చిన ఒక రైతు పెద్దాయన కూడా అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, లేవమని ఎవరంటారు? అవతల హోస్టింగ్ కంపెనీ మేనేజరు, లైసెన్సు డెస్క్ కుర్రాడు. కుర్రాడి మొదటి ప్రశ్న: "సార్, మీ బిజ్‌టాక్‌లో ఎంతమంది ఏజెంట్లు కాల్స్ తీసుకుంటారు?" కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ అనుకున్నాడన్నమాట. ఏళ్ళ తరబడి నెలనెలా దీనికే డబ్బు తీసుకున్న కంపెనీ లైసెన్సు డెస్క్ అది. నేను సర్దిచెప్పేలోపు మేనేజరు అందుకున్నాడు. ఇంగ్లీషులో, మెత్తగా, ఒక్కో మాట నొక్కుతూ అన్నదాన్ని తెలుగులో చెబితే ఇది: "మీ ఐటీ ఆయన దగ్గర ప్రూఫ్ ఏమీ లేదు. అంటే ఇన్నాళ్ళూ మీరు లైసెన్సు లేకుండా నడిపినట్టే. ఆడిట్ వస్తే పెనాల్టీ మీ కంపెనీకే."

సేటు నా వైపు తిరిగి, "ఏమయ్యా, దొంగ సాఫ్ట్‌వేర్ నడిపిస్తున్నవా నా కంపెనీల?" అన్నాడు.

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎప్పుడూ పడలేదు. రైతు పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి తల తిప్పుకున్నాడు. ఆడిటర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చెవులు వేడెక్కాయి. ఏదైనా అంటే మాట తడబడుతుందని తెలిసి, ఒక్క నిమిషం అని లేచి అకౌంట్స్ గదికి వెళ్ళాను. అన్నని అడిగి పాత బిల్లుల బాక్స్ ఫైలు దించాను. మా ఆఫీసులో ఏ కాగితం చూసినా ఎర్రటి వేలిముద్రలే. ఆ ముద్రల మధ్యనే దొరికింది. "అప్లికేషన్ ఇంటిగ్రేషన్ సర్వర్, స్టాండర్డ్, 4 కోర్లు, ఎస్పీఎల్ఏ" అని స్పష్టంగా లైను, పక్కన రేటు, కింద జీఎస్టీ. ఒక్క బిల్లు కాదు, ఫైలు మొత్తం అంతే.

వచ్చి కెమెరా ముందు పెట్టి చదివాను. "ఎస్పీఎల్ఏ అని మీరే రాశారు. డబ్బు తీసుకున్నారు. లెక్క చెప్పాల్సింది మీరు. చెప్పారా లేదా?" అవతల కాసేపు చప్పుడు లేదు. "అది పాత టెంప్లేట్ సార్, బిల్లింగ్ టీమ్‌ని కనుక్కుంటాం" అన్నాడు మేనేజరు. ఇప్పటిదాకా కనుక్కోలేదు. సేటు సారీ చెప్పలేదు. సేట్లు చెప్పరు. గుమాస్తాని పిలిచి "సార్‌కు చాయ్ చెప్పు" అన్నాడు. ముందంతా 'ఏమయ్యా', చాయ్ దగ్గరికి వచ్చేసరికి 'సార్'.

ఇక్కడ ఒక మాట. వరంగల్, కరీంనగర్, ఖమ్మం ఎక్కడైనా చూడండి, మనవాళ్ళు ఇంగ్లీషులో 'లీగల్', 'కంప్లయన్స్' అని కనబడగానే చెక్కు రాసేస్తారు. ఆ భయం మీదే బతికే కంపెనీలున్నాయి. మెయిల్ పెద్దగా ఉందంటే రూల్ వాళ్ళ వైపు ఉందని కాదు.

మర్నాడు కొత్త కొటేషన్ పంపారు. అందులో 16 కోర్లకి, అదీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. ఎలా వచ్చాయని చూస్తే, మాకున్న మూడు వర్చువల్ మెషీన్లనీ (ఒకే పెద్ద సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) కూడేశారు. బిజ్‌టాక్ నడిచేది ఒక్కదాంట్లోనే. రెండోది ఎస్‌క్యూఎల్ డేటాబేస్, దానికి ఎస్‌క్యూఎల్ లైసెన్సు చాలు, బిజ్‌టాక్ లైసెన్సు అక్కర్లేదు. మూడోది ఉత్త ఎఫ్‌టీపీ ఫైళ్ళు పెట్టుకునేది. బిజ్‌టాక్‌కి 2013 వెర్షన్ నుంచి కోర్ల లెక్క, రెండేసి కోర్ల ప్యాకులుగా అమ్ముతారు, ఒక వర్చువల్ మెషీన్‌కి కనీసం 4 కోర్లకి కట్టాలి. మెషీన్‌ని 2 కోర్లకి తగ్గిస్తే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, 4కే కట్టాలి. స్టాండర్డ్‌లో ఒక్క సర్వర్, 5 అప్లికేషన్ల వరకే. మావి నాలుగు. ఎంటర్‌ప్రైజ్ మాకెందుకు? ఇదంతా రాసి పంపితే 16 కాస్తా 4 అయింది. అడగకపోతే 16కే కట్టేవాళ్ళం.

సేటు ప్రశ్న మాత్రం వేరే. "2017ల పైసలు పెట్టి కొన్నం గదా. అది మనదే గదా. మల్ల కిరాయి ఏంది?" న్యాయమైన ప్రశ్నే. సేటు, మన లారీ మనదే, తెలంగాణ పర్మిట్ ఉంది, కానీ నాగ్‌పూర్ దాకా పోవాలంటే నేషనల్ పర్మిట్ కావాలి కదా అన్నాను. వెంటనే అర్థమైంది. ఆ నేషనల్ పర్మిటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్. అది ఉంటే లైసెన్స్ మొబిలిటీ కింద మన లైసెన్సుని వేరేవాళ్ళ షేర్డ్ క్లౌడ్‌కి, అమెజాన్ అయినా అజూర్ అయినా, తీసుకెళ్ళవచ్చు. పెట్టిన 10 రోజుల్లోపు వెరిఫికేషన్ ఫారం ఇవ్వాలి. ఆ నలుగురూ కాని హోస్టింగ్ కంపెనీల దగ్గరైతే 2022 అక్టోబరు నుంచి ఇంకాస్త వెసులుబాటు వచ్చింది, దానికీ అష్యూరెన్సో సబ్‌స్క్రిప్షనో ఉండాల్సిందే. కొన్నప్పుడు తీసుకోకుండా ఏళ్ళ తర్వాత పాత లైసెన్సుకి అతికిస్తామంటే కుదరదు. మళ్ళీ కొత్తది కొనాలి. దండగ అన్న ఆ డీలర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

అష్యూరెన్స్ లేని పాత లైసెన్సుకి రెండే చోట్లు. మన సొంత సర్వర్, లేదా పూర్తిగా మన ఒక్కరికే కేటాయించిన హోస్టింగ్ సర్వర్. మేనేజరు ఇక్కడా ఒక తిరకాసు పెట్టాడు, 2019 రూల్‌తో మీ లైసెన్సు చెల్లదని. అబద్ధం. ఆ రూల్ 2019 అక్టోబరు 1 నుంచి కొన్నవాటికి, అదీ ఆ నలుగురి డెడికేటెడ్ సర్వర్ల విషయంలో. మాది 2017. తారీఖు చూపించాక మాట మార్చాడు. కానీ ఒక్క చిన్న మెషీన్ కోసం మొత్తం సర్వర్ కిరాయికి తీసుకోవడం మాకు గిట్టుబాటు కాదు.

అందుకని రెండు అంచెలుగా చేశాను. గడువులోపు అల్మారాలోని లైసెన్సుతో ఆఫీసు సర్వర్ మీదికే తెచ్చాను. బైండింగ్స్ ఎక్స్‌పోర్ట్, డేటాబేస్ బ్యాకప్, సర్టిఫికెట్లు, అన్నీ సాఫీగా అయ్యాయి. మాస్టర్ సీక్రెట్ బ్యాకప్ ఫైలూ దాని పాస్‌వర్డూ మాత్రం హోస్టింగ్ వాళ్ళ మీద వదలకండి, మీ దగ్గరే ఉంచుకోండి, అది లేకపోతే పోర్టుల్లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ పోయినట్టే. ఐపీ అడ్రస్ మారినందుకు యూరప్ వాళ్ళు ఫైర్‌వాల్ తెరవడానికి మాత్రం తాపీగా ఫారాలు నింపించారు.

అక్కడే ఉంచుకోవచ్చు కదా అన్నాడు సేటు. ఆ దుమ్ములో, రాత్రి కరెంటు పోతే ఆర్డరు ఆగిపోయే చోట వద్దన్నాను. పైగా 2016 వెర్షన్‌కి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2027 జనవరితో అయిపోతుంది. 2020 వెర్షనే ఆఖరిదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది, దానికి మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2028 ఏప్రిల్ దాకా, ఎక్స్‌టెండెడ్ 2030 ఏప్రిల్ దాకా. వయసైపోతున్న సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడు అష్యూరెన్స్‌తో సహా కొత్త లైసెన్సు కొనడం నాకు నచ్చలేదు. నెల కిరాయి నయం. ఇదే పని క్లౌడ్‌లో చేసే మైక్రోసాఫ్ట్ లాజిక్ యాప్స్‌కి మారిపొమ్మని ఒక కన్సల్టెంటు రోజూ వాట్సాప్ చేస్తున్నాడు. మారుతాం, తొందరేం లేదు. ఆయన తొందర ఆయన కమీషన్‌ది.

సొంత ర్యాకులున్న ఇంకో హైదరాబాద్ కంపెనీ దొరికింది. ఈసారి బ్రోషర్ చూడలేదు. బస్సెక్కి వెళ్ళి, మా మెషీన్ ఏ ర్యాకులో పెడతారో చూపించమన్నాను. వింతగా చూశారు, కానీ చూపించారు. అగ్రిమెంటులో నేను పట్టుబట్టి రాయించిన లైన్లు: ప్రోడక్ట్ పేరు, ఎడిషన్, కోర్లు, లైసెన్సు ఎస్పీఎల్ఏ కింద హోస్టింగ్ కంపెనీదే, నెలనెలా లెక్క చెప్పే బాధ్యత వాళ్ళదే, మా అనుమతి లేకుండా వేరే క్లౌడ్‌కి తరలించకూడదు. వాళ్ళ సేల్స్ అమ్మాయి "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అంది. ఎవరూ అడగరనే కదా ఇదంతా జరిగేది. టెస్టింగ్ మెషీన్ మాత్రం ఆఫీసులోనే పెట్టుకున్నా, డెవలపర్ ఎడిషన్‌తో. డెవలప్‌మెంట్‌కి, టెస్టింగ్‌కి అది ఉచితం. దానిమీద అసలు ఆర్డర్లు నడిపితే మాత్రం నిజంగానే దొంగ సాఫ్ట్‌వేర్ అవుతుంది.

ఇప్పుడు 2020 వెర్షన్ కొత్త చోట నడుస్తోంది. మ్యాపులు మళ్ళీ కంపైల్ చేస్తే సరిపోయింది, ఒక్క గీత మార్చలేదు. పాత కంపెనీ దగ్గర మా సెక్యూరిటీ డిపాజిట్ ఇంకా ఉంది. ఎప్పుడు అడిగినా "అండర్ ప్రాసెస్" అంటున్నారు. ఈసారి మెయిల్ వాళ్ళ డైరెక్టర్లకి, వాళ్ళ ఆడిటర్‌కి కాపీ పెట్టి పంపాను, పాత బిల్లులు స్కాన్ చేసి జతచేసి.