కరెంటు పోయిందంటే, పోయింది ఏది?

శనివారం, తిరుపతి

పొద్దున తొమ్మిదిన్నరకు ల్యాబు గదిలో ఫ్యాన్లు ఆగిపోయాయి. "కరెంటు పోయిండాది సార్" అని వెనక బెంచీలోంచి ఒక గొంతు. రాసుకొచ్చిన పాఠం పక్కకు పోయి, మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాట చుట్టూనే నడిచింది.

మన మాటల్లో అన్నిటికీ "కరెంటు" ఒక్కటే. కరెంటు పోయింది, కరెంటు స్తంభం, కరెంటు బిల్లు, ఆ తీగలో కరెంటుంది జాగ్రత్త. ఇంట్లో ఇలా అనుకుంటే ఇబ్బందేం లేదు. కానీ పుస్తకంలో "విద్యుత్ ప్రవాహం" (అంటే కరెంటు), "పొటెన్షియల్ భేదం" (అంటే వోల్టేజీ) అని రెండు పేర్లు కనిపించేసరికి పిల్లలకు ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి. ఏమీ తగిలించని సాకెట్టులో వోల్టేజీ 230, కరెంటు సున్నా. బిల్లు కట్టేది వాడిన శక్తికి: వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బయితే అదే యూనిట్టుతో 111 గంటలు వెలుగుతుంది. పొద్దున ఫ్యాన్లు ఆగినప్పుడు ముందు పోయింది వోల్టేజీ. తోసేది లేక ప్రవాహం ఆగింది.

లైను లేకపోయినా బల్ల మీది పనికి పెన్సిల్ సెల్లులు చాలు. 1.5 వోల్టుల సెల్లులు రెండు, వాటి హోల్డరు, 2.5 వోల్టులు 0.3 ఆంపియర్ల టార్చి బల్బులు రెండు, వాటికి హోల్డర్లు, రెండు కొసలకూ క్లిప్పులున్న తీగలు ఆరు, వోల్టేజీ, కరెంటు రెండూ కొలిచే మల్టీమీటరు ఒకటి. ఇంటి సాకెట్టు దగ్గర ఈ ప్రయోగాల్లో ఒక్కటీ చేయకూడదని మొదటే బోర్డు మీద రాసి ఉంచాలి. రాశాం.

సెల్లులు, బల్బు, తీగలు కలిపి వలయం చేసే ముందు ప్రతి ఒక్కరూ ఒక జవాబు కాగితం మీద పెట్టాలన్నది షరతు. ప్రశ్న ఇది: సెల్లు నుంచి బల్బుకు వెళ్లే తీగలో 0.3 ఆంపియర్ ఉంటే, బల్బు దాటి తిరిగొచ్చే తీగలో ఎంత ఉంటుంది? సగానికి పైగా "తక్కువ" అని రాశారు. ఎందుకమ్మా అంటే ఒక పాప చెప్పింది, "బల్బు కొంచెం తినేస్తాది గదా సార్." వినడానికి సబబుగానే ఉంది. మీటరును ముందు ఒక వైపు తీగ తెంపి మధ్యలో పెట్టాం, తర్వాత రెండో వైపు. 0.29. మళ్లీ 0.29. నాలుగుసార్లు తిప్పి చూశారు, నమ్మకం కుదరక.

మరి బల్బు తినేదేమిటి? ఇక్కడ తిరుపతి పిల్లలకు ఘాట్ రోడ్లకు మించిన ఉదాహరణ లేదు. తిరుమల బస్సులు ఎక్కేది ఒక రోడ్డు, దిగేది ఇంకో రోడ్డు. కొండ కింద నుంచి పైకి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పైకెక్కిన బస్సే కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. దారిలో బస్సులు తరిగిపోవు, తరిగేది డీజిలు. సెల్లు చేసేది ఆ ఎక్కించే పని. లోపలి రసాయనాలు ఖర్చవుతూ విద్యుత్ ఆవేశాన్ని (ఛార్జిని) ఎత్తుకు చేరుస్తాయి, బల్బు దగ్గర ఆ ఎత్తంతా దిగిపోయి వేడిగా, వెలుగుగా మారుతుంది. ఎత్తు తేడా వోల్టేజీ. ఒక మలుపు దగ్గర నిలబడి నిమిషానికి ఎన్ని బస్సులు దాటాయో లెక్కపెడితే అది కరెంటు. దిగే రోడ్డు మీద బండరాళ్లు పడి దారి మూసుకుపోతే కాసేపటికి ఎక్కే బస్సులు కూడా ఆగాల్సిందే. వలయం తెగడమంటే ఇదే. ఎక్కడ తెగినా అంతటా ఆగుతుంది.

కొలతల్లో చెప్పాలంటే, 1 ఆంపియర్ అంటే సెకనుకు 1 కూలుంబు ఆవేశం. అంటే 62,000 కోట్ల కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు. 1 వోల్టు అంటే ఒక్కో కూలుంబుకు 1 జౌలు శక్తి. బల్బు చివర్ల మధ్య మీటరు 2.7 వోల్టులు చూపించింది. 2.7 × 0.29, సుమారు 0.78 వాట్లు. బల్బు సెకనుకు 0.78 జౌళ్లు తీసుకుంటోంది, ఒక్క ఎలక్ట్రానును కూడా ఉంచుకోకుండా.

బస్సుల పోలికకు ఒక హద్దుంది. అది చెప్పకపోతే తర్వాత తప్పుదారి పట్టిస్తుంది. ఎలక్ట్రాన్లు బస్సుల్లా పరుగెత్తవు. ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 1 ఆంపియర్ ఒకే దిశలో పారుతుంటే, ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే సగటు వేగం సెకనుకు 0.05 మిల్లీమీటరు. ఒక మీటరు జరగడానికి అయిదున్నర గంటలు. స్విచ్చు వేయగానే బల్బు వెలగడానికి కారణం తీగంతా ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉండటం. నిండుగా ఉన్న పైపుకు కుళాయి తిప్పినట్టు, అన్ని చోట్లా ఒకేసారి కదలిక మొదలవుతుంది. ఇంటి లైనులో అయితే దిశ సెకనుకు 50 సార్లు చుట్టి వస్తుంది కాబట్టి అవి ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి.

రెండు సెల్లులు కలిపి ఖాళీగా కొలిస్తే 3.1 వోల్టులు వచ్చాయి, బల్బు వెలిగేటప్పుడు 2.7. మిగతా 0.4 ఎటు పోయింది? సెల్లుకు తన లోపలే కొంత నిరోధం, అంటే ప్రవాహానికి అడ్డు, ఉంటుంది. 0.4ను 0.29తో భాగిస్తే 1.4 ఓములు, రెండు సెల్లులకూ కలిపి. గోడ గడియారంలోంచి తీసిన పాత సెల్లు ఒకటి ఖాళీగా 1.38 చూపించి, బల్బు తగిలించగానే 0.8కి జారింది. సెల్లు బాగుందో లేదో ఖాళీ కొలతతో తేల్చకూడదు. పని చేయిస్తూ కొలవాలి. గడియారానికి చాలా చిన్న కరెంటు చాలు కాబట్టి అక్కడ ఆ సెల్లు ఇంకొన్నాళ్లు నడిచేది.

ఈరోజు వెలగని వలయాలు మూడు. మొదటిదానిలో హోల్డరులో ఒక సెల్లు తలకిందులుగా ఉంది, 1.5లోంచి 1.5 పోయి సున్నా. రెండోది పాత మోటారు వైండింగు తీగతో చేసింది. ఆ తీగ రాగిలా మెరుస్తుంది కానీ పైన ఎనామిల్ పూత ఉంటుంది, కొసలు రెండు సెంటీమీటర్ల మేర బ్లేడుతో గీకి రంగు మారేదాకా రుద్దాలి. మూడోదానిలో బల్బు హోల్డరు అడుగున రేకు వంగి, బల్బు మొనకు తగలడం లేదు. మూడింటికీ వెతికే పద్ధతి ఒకటే: వోల్టుమీటరు నల్ల కొసను సెల్లు మైనస్ దగ్గర ఉంచి, ఎర్ర కొసను ప్లస్ నుంచి ఒక్కో అతుకు దాటిస్తూ రావాలి. 3 వోల్టులు ఎక్కడ ఠక్కున మాయమయ్యాయో తప్పు అక్కడుంది.

మల్టీమీటరుతో ఒక ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. కరెంటు కొలవడానికి ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మారుస్తాం. ఆ తర్వాత దాన్ని వెనక్కి మార్చడం మరిచి సెల్లు మీద పెడితే, మీటరే దాదాపు సున్నా నిరోధమున్న తీగ అయిపోతుంది. అది షార్టు. ఈరోజు ఒక గుంపు చేతిలో సెల్లులు చురుక్కుమనేంత వేడెక్కాయి. కారు బ్యాటరీ మీద ఇదే పొరపాటు చేస్తే తీగ కరుగుతుంది. అందుకే ఆంపియర్ కొలత ముగియగానే ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలో పెట్టాకే మీటరు కింద పెట్టాలన్న నియమం.

బల్బులను ఒకదాని వెనక ఒకటిగా కలిపే శ్రేణి సంధానం వచ్చేసరికి ఉదాహరణ వీధిలోనే దొరికింది. గంగమ్మ జాతరకు కట్టే పాతరకం సీరియల్ సెట్టు. ఆ పేరులోనే సంగతి ఉంది. 6 వోల్టుల బల్బులు 38 వరుసగా కలిపితే 228, లైనుకు సరిపోతుంది. ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి, ఇది అందరికీ తెలుసు. మాడిన బల్బు రెండు కొసల మధ్య ఇప్పుడు ఎంత వోల్టేజీ ఉంటుందని అడిగితే "సున్నా" అన్నారు అందరూ. అక్కడ పూర్తి 230 ఉంటుంది. కరెంటు పారడం లేదు కాబట్టి మిగతా 37 బల్బుల్లో ఎక్కడా ఎత్తు దిగదు, మొత్తం తేడా తెగిన చోటే పోగవుతుంది. ఆరిపోయిన సెట్టు కదా అని ప్లగ్గు పీకకుండా బల్బు విప్పి వేలు పెడితే తగిలేది ఆ 230. మాడిన బల్బు తీసేసి తీగలు ముడేస్తే సెట్టు వెలుగుతుంది, నిజమే. కానీ అలా అయిదు ముడులు పడ్డాక మిగిలిన 33 బల్బుల్లో ఒక్కోదానికి 7 వోల్టులు, అవి కూడా త్వరగా వరుసపెట్టి పోతాయి.

బల్ల మీద రెండు టార్చి బల్బులను శ్రేణిలో పెడితే రెండూ మందగించాయి. కరెంటు సగం, అంటే 0.15 ఉండాలని లెక్క వేశారు, మీటరు 0.2 దగ్గర నిలిచింది. లెక్క తప్పని చెరిపేయబోయారు. చెరపనక్కర్లేదు. ఫిలమెంటు వేడి తగ్గితే దాని నిరోధం కూడా తగ్గుతుంది. వోల్టేజీ సగమైతే కరెంటూ సగమవుతుందనే ఓమ్ నియమం ఉష్ణోగ్రత మారనప్పటి మాట. ఆ షరతు పుస్తకంలో ఒక్క ముక్కగా ఉంటుంది, పరీక్షలో వదిలేసేదీ అదే. సమాంతరంగా, అంటే ఒక్కో బల్బును విడిగా సెల్లుల రెండు కొసలకూ కలిపినప్పుడు మాత్రం ఒకటి విప్పినా రెండోది వెలుగుతూనే ఉంది. ఇంటి వైరింగు ఎందుకు అలా ఉంటుందో వేరే చెప్పాల్సిన పని పడలేదు.

పదకొండు దాటాక లైను వచ్చింది. అప్పుడే పుంగనూరు వైపు పొలమున్న అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. ఈ రోజుకు ఇదే గట్టి ప్రశ్న. "వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గాలి గదా సార్, లో వోల్టేజీలో మా బోరు మోటారు ఎందుకు కాలిపాయ?" బల్బు, హీటరు లాంటివాటికి అతని లెక్క సరైనదే. మోటారు వేరు. అది తిరుగుతున్నప్పుడు తన లోపలే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, కరెంటును అదుపులో ఉంచేది అదే. నీటి బరువు మాత్రం తగ్గదు. వోల్టేజీ పడితే మోటారు కాస్త నెమ్మదించి, అదే బరువు లాగడానికి ఇంకా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: ఒకటిన్నర రెట్లు కరెంటు, రెండుంబావు రెట్లు వేడి.

దానికి తోడు తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 300 మీటర్లు లాగితే ఒక్కో తీగ నిరోధం 2 ఓములు దాటుతుంది. 5 హెచ్‌పీ మోటారు 8 ఆంపియర్లు లాగితే ఒక్కో తీగలో 16 వోల్టులు అక్కడే పోతాయి. స్టార్టయ్యే క్షణంలో కరెంటు ఆరు రెట్ల దాకా ఉంటుంది, అప్పుడు పోయేది 100 వోల్టుల దగ్గర. మోటారు తిరగకుండా మూలుగుతుంటే చాలాసార్లు కారణం ఇదే. స్టార్టరు మళ్లీ మళ్లీ నొక్కకూడదు. తీగ మందం పెంచాలి.

టెస్టరు సంగతి కూడా చెప్పేశాం, ఇళ్లలో అందరూ దాన్నే నమ్ముతారు కాబట్టి. లైటు వెలగదు, కానీ సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతుంది. పిల్లలు "డబుల్ కరెంటు" అన్నారు. జరిగింది న్యూట్రల్, అంటే తిరుగుదారి తీగ, తెగడం. ఫేజు, అంటే 230 ఉన్న తీగ, దాని వోల్టేజీ స్విచ్చి వేసి ఉన్న ఏదో ఒక బల్బు గుండా న్యూట్రల్ తీగలోకి వచ్చి నిలబడి ఉంది, తిరుగుదారి లేక ప్రవాహం లేదు. అలాంటప్పుడు న్యూట్రలే కదా అని ముట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. మెయిను ఆపి, ఎలక్ట్రీషియనును పిలవాలి. పొడి చర్మానికి నిరోధం వేలల్లో, ఒక్కోసారి లక్ష ఓముల దాకా ఉంటుంది, తడిస్తే వెయ్యికి దిగొచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ స్విచ్చి, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడాకే కట్ అయ్యేలా ఉండేది అందుకే.

చివరి అరగంట నిమ్మకాయలకు. కాయను బల్ల మీద అదిమి దొర్లించి రసం వదులు చేసి, జింకు పూత మేకు ఒకటి, గీకిన రాగి తీగ ఒకటి, ఒకదానికొకటి తగలకుండా రెండు సెంటీమీటర్ల దూరంలో గుచ్చాలి. మీటరు 0.92 వోల్టులు. మూడు కాయలు వరుసగా 2.7. పెన్సిల్ సెల్లులతో బల్బు వెలిగినప్పుడు ఉన్నదీ ఇంతే కదా అని అదే టార్చి బల్బు తగిలించారు. ఎర్రదనం కూడా రాలేదు, మీటరు సున్నా దగ్గరకు పడిపోయింది. నిమ్మకాయ లోపలి నిరోధం వందలు, వేల ఓముల్లో ఉంటుంది, బయటికి రాగలిగేది మిల్లీఆంపియరు అటూ ఇటూ. బల్బుకు కావలసింది 300. ఎర్ర ఎల్‌ఈడీ మాత్రం, పొడుగు కాలు రాగి వైపు ఉండేలా పెట్టి, కిటికీ తలుపులు మూస్తే సన్నగా వెలిగింది.

"వోల్టేజీ ఉండాది, కరెంటే చాల్లేదు" అని పొద్దున వెనక బెంచీలోంచి వినబడిన గొంతే. సోమవారానికి ఇంకో ఆరు నిమ్మకాయలు తెస్తామన్నారు. మూడేసి కాయల వరుసలు మూడు సమాంతరంగా కలిపి చూడాలి.