దమ్ములో ఉడికిపోయిన మా పాత ట్రాక్టర్, కింద పైపు చూడని మెకానిక్ – నా అనుభవం

నిన్న సాయంత్రం బండి నాలుగు గంటలు ఏకధాటిగా దమ్ములో (నాట్ల ముందు నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నడం) తిరిగింది, టెంపరేచర్ ముల్లు పచ్చగీత దాటలేదు. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు గానీ ఈ పది రోజుల సంగతి వేడి మీదే రాసేస్తున్నా. పాత బండి పెట్టుకుని బతికేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు, ఇంకొకరు నాలాగ డబ్బు తగలేసుకోకూడదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర వంశధార పక్క పల్లె. బండి 1999 మోడల్, మూడు సిలిండర్లు, ఓఆర్ (ఒరిస్సా) నంబరు, నాన్న కొన్నది. సొంత భూమి మూడెకరాలే, మిగతాదంతా గంటల లెక్కన ఊళ్ళోవాళ్ళకి దమ్ము చెయ్యడమే. ఉభాల (నాట్ల) ముందు ఈ ఇరవై రోజుల్లో వచ్చే డబ్బుతోనే మాకు ఏడాదంతా గడవాలి.

పక్కూరు రైతు మడిలో రోటోవేటర్ (వెనకాల తిరుగుతూ మట్టిని చిలికే పళ్ళ యంత్రం) దించి అరగంట కాలేదు, ముల్లు ఎర్రలోకి పోయి రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి. కుర్రాడొకడు బిందెతో కాలవ నీళ్ళు పట్టుకొచ్చి ఇంజన్ మీద పొయ్యబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. కాలిపోతున్న హెడ్ మీద చల్లనీళ్ళు పోస్తే పగులు వస్తది. మూత కూడా ముట్టుకోవద్దు, అది లోపల ప్రెజర్ పట్టి ఉంచుతుంది, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండేది అందుకే, వేడిలో తీస్తే మొహం మీదకే కొడతాయి. స్లోలో కాసేపు ఉంచి, ఆపేసి, గంట ఆగాను.

మర్నాడు ఇంట్లో ఒక్కొక్కటే చూశా. నీళ్ళు సరిపడా ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగింది, బాగుంది. మూత రబ్బరు, స్ప్రింగు బాగున్నాయి. రేడియేటర్ జాలీలో ఊక, బురద ఉంటే ఫ్యాన్ వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టి కడిగా (ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది). థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు) తీసి గిన్నెలో నీళ్ళు పెట్టి పొయ్యి మీద మరగపెట్టా, చక్కగా తెరుచుకుంది, చల్లారితే మూసుకుంది. కొందరు దాన్ని పీకి పారెయ్యమంటారు, వినొద్దు. ఇంజన్ సరిగ్గా వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొగ కొడుతుంది.

ఇన్ని చేసినా మడిలోకి దిగితే అదే ఉడుకు. రోడ్డు మీద ఖాళీ ట్రాలీతో వెళ్తే ఏమీ లేదు. ఇక నావల్ల కాదని బోర్డరు దాటి ఆంధ్రా వైపు టౌన్లో పేరున్న మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళా. చిన్నప్పటి నుంచి సామాన్లకి, మందులకి, పెళ్ళి బట్టలకి అటే పోతాం, మాట ఒకటే కదా. 1936లో గీత గీసి మమ్మల్ని ఒరిస్సాలో కలిపారు గానీ మా చుట్టాలు సగం మంది అటే ఉన్నారు.

షెడ్డులో పదిమంది రైతులున్నారు. ఆయన సీటు మీద నుంచి లేవకుండానే "హెడ్డు గాస్కెట్ పోయింది, హెడ్డు దించాలి" అన్నాడు (ఇంజన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే ప్యాకింగ్ అది). నేను మర్యాదగానే చెప్పాను, "గురువుగారూ, ఆయిల్ తెల్లగా మారలేదు, రేడియేటర్‌లో బుడగలు రావట్లేదు, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే రేడియేటర్ పైపు వెంటనే గట్టిపడట్లేదు, గాస్కెట్ అయితే ఇవి కనపడాలి కదా" అని. ఆయన నంబరు ప్లేటు కేసి చూసి, అందరికీ వినపడేలా "ఒరిస్సా వోళ్ళకి బండికి నీళ్ళు పొయ్యడమే రాదు, నాకు పాఠం సెప్తన్నాడు, నువ్వే సేసుకోలేకపోయావా మరి" అన్నాడు. జనం నవ్వారు. ఇటు వైపు ఆఫీసుల్లో తెలుగోడు అంటారు, అటు వెళ్తే ఒరిస్సా వోడు అంటారు, ఇది అలవాటే. కానీ ఆ రోజు నా చొక్కా పట్టుకుని నడి బజార్లో నిలబెట్టినట్టు అనిపించింది. నోరు మూసుకున్నా. అదే నేను చేసిన తప్పు. పనికి వచ్చిన మనిషి మాట విననోడికి బండి అప్పజెప్పకూడదు, ఎంత పేరున్నా సరే.

మూడు రోజులు ఉంచాడు. నేను రెండు బస్సులు మారి రోజూ వెళ్ళేవాణ్ణి. ఇటు ఊళ్ళో రైతులు వేరే బండి పిలుచుకున్నారు, ఆకుమడి ముదిరిపోతుంటే ఎవరు ఆగుతారు. హెడ్ దించాడు, కొత్త గాస్కెట్ వేశాడు, 11,500 తీసుకున్నాడు. పాత గాస్కెట్ చూపించమంటే "సెత్తలో పడేశాం" అన్నాడు. నేనే చెత్త డబ్బాలో వెతికి తీశా. రింగుల చుట్టూ ఎక్కడా కాలిన గీత లేదు, నీళ్ళ దారి తెగలేదు, అది పోనే లేదు. ఎదుట పెడితే మొహం తిప్పేసుకున్నాడు.

ఇంటికి తెచ్చి మడిలో దింపా. ఇరవై నిమిషాలకి ఉడికింది. గట్టు మీద కూర్చుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి.

రాత్రి పాత డ్రైవర్ మావయ్యకి ఫోన్ చేశా. ఆయన రేడియేటర్, గాస్కెట్ ఏదీ అడగలేదు. "ఎప్పుడు ఉడుకుతోంది నాన్నా?" అన్నాడు. రేసులోనే (యాక్సిలరేటర్ ఎక్కువ ఇచ్చినప్పుడే) అన్నా. "మరి మెకానిక్ ఎలాగ చూశాడు?" స్లోలో పెట్టి చూశాడన్నా. "మరి రోగం ఎలాగ కనపడుద్ది? బాగా వేడెక్కనిచ్చి రేసు పెంచి కింద పైపు చూడు" అన్నాడు.

అప్పుడే చేశా. మా అన్న కొడుకు రేసు పట్టుకున్నాడు, నేను ఫ్యాన్‌కి దూరంగా పక్క నుంచి టార్చి వేశా. స్లోలో పైపు గుండ్రంగా ఉంది. రేసు పెంచగానే, మా నాయనమ్మ అడ్డచుట్ట పీల్చితే బుగ్గలు లోపలికి పోయినట్టు, పైపు నడుమ చప్పబడి అతుక్కుపోయింది! రేసు తగ్గిస్తే మళ్ళీ ఉబ్బింది. ఇద్దరం అరిచాం, లోపల నుంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

సంగతి ఏటంటే, వాటర్ పంపు రేడియేటర్ అడుగు నుంచి నీళ్ళు ఈ పైపు గుండానే లాగుతుంది. లాగుడుకి పైపు నొక్కుకుపోకుండా లోపల తీగ స్ప్రింగు ఉండాలి. మాఘంలో పైపు మార్పించినప్పుడు పాత స్ప్రింగు తుప్పుపట్టి ఉంటే షాపు కుర్రాడు "ఇప్పుడు పైపులకి అక్కర్లేదు" అని తీసేశాడు, నేనూ ఊరుకున్నా. దానికి తోడు ఇన్నేళ్ళు బోరు నీళ్ళు పోసి రేడియేటర్ గొట్టాల్లో గార పట్టింది, నీళ్ళు దిగడం తగ్గేకొద్దీ పంపు లాగుడు ఇంకా గట్టిదవుతుంది, వేడికి రబ్బరు మెత్తబడుతుంది. రోటోవేటర్‌కి రేసు ఎక్కువ పెట్టాలి, బండి నత్తలా నడుస్తుంది, ఎదురుగాలి ఉండదు. అందుకే మడిలోనే ఉడికింది, రోడ్డు మీద ఉడకలేదు.

గట్టి పైపు, స్ప్రింగు కలిపి 380. రేడియేటర్ దింపించి ట్యాంకులు విప్పి ఊచలతో గార తీయించా, 1,200. కూలంట్ బాటిల్ మీద రాసిన లెక్క ప్రకారం మామూలు నీళ్ళు కాకుండా డిస్టిల్డ్ వాటరే కలిపా. ఇంకెవరైనా పైపు మారిస్తే లోపల వేలు పెట్టి స్ప్రింగు ఉందో లేదో చూసుకుని క్లిప్పులు బిగించండి.

ఇంకా తొమ్మిదెకరాల దమ్ము ఒప్పుకున్నా. అందులో రెండెకరాలు మొదటిరోజు ఆవిరి కొట్టిన మడి రైతువే, ఆయనే మళ్ళీ కబురు పెట్టాడు. రేపు పొద్దున్న అయిదింటికి ఆయన మడిలోనే దిగుతున్నా.