జొరం పట్టిన పురుగు

పోయిన ఖరీఫులో మొక్కజొన్న సుడుల్లోంచి ఏరుకొచ్చిన పదకొండు కత్తెర పురుగులు మా వంటింటి కిటికీలో ఉండేవి, ఒక్కో ప్లాస్టిక్ కప్పులో ఒక్కోటి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. అమ్మ మొదట్లో చీదరించుకుంది. నాలుగో రోజు ఒక కప్పు తీసి వెలుతురుకు పట్టి చూసింది.

“దీనికి జొరమొచ్చింది మే. ఆకెయ్యొద్దు.”

మాది హిందూపురం దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచే ఇళ్లలో, కుబుసం విడవబోయే పురుగుకు జ్వరం పట్టిందంటారు. మేత మానేసి, తలెత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వెయ్యరు, పడకల మీద సున్నం చల్లుతారు. ఎమ్మెస్సీలో నేను చదివింది ఆ జ్వరం గురించేనని అమ్మకు అప్పటిదాకా చెప్పనే లేదు.

చెప్పాను. మెదడు నుంచి కబురందితే రొమ్ము భాగంలోని గ్రంథులు ఎక్డైసోన్ అనే హార్మోను వదులుతాయి. అదీ జ్వరం. ఆ వేళకు జువెనైల్ హార్మోను కూడా ఒంట్లో ఉంటే పురుగు మళ్లీ పురుగే అవుతుంది, లేకుంటే ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు మేత లేకుండా పడుండే దశ. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్సన్ అనే శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ తీశారంటే, “ప్యూపాలే అయిదు క్వింటాళ్లా? గూళ్లు ఇంకెంత తూగుంటాయో!” అంది. మా ఇంట్లో ఏ లెక్కయినా గూళ్ల దగ్గరికే వస్తుంది.

నాకు మాత్రం 1960 నాటి ప్రయోగం ఇష్టం. క్లెవర్, కార్ల్సన్ కలిసి కైరోనోమస్ అనే ఈగ లార్వాకు ఎక్డైసోన్ ఎక్కిస్తే, లాలాజల గ్రంథుల్లోని లావుపాటి క్రోమోజోముల మీద కొన్ని చోట్ల బుడిపెలు లేచాయి. అక్కడి జన్యువులు పనిలోకి దిగాయన్నమాట. ముందు కొన్ని, గంటలు గడిచాక వేరేవి.

ఈ వరసలో ఒక మెలిక ఉంది. కొన్ని జన్యువులు ఎక్డైసోన్ పెరిగితే లేస్తాయి, కొన్ని అది పెరిగి తగ్గాకే. కుబుసం విడిపించే పని, కొత్త చర్మం గట్టిపడే పని ఆ తగ్గడం కోసం ఆగి ఉంటాయి. మెథాక్సీఫెనోజైడ్ లాంటి మందు దెబ్బ కొట్టేది ఇక్కడే. గొంగళిపురుగు ఒళ్లు దాన్ని ఎక్డైసోనే అనుకుంటుంది. వేళ కాని వేళ జ్వరం వస్తుంది, మేత ఆగుతుంది. మందు ఒంట్లోంచి త్వరగా పోదు, కాబట్టి జ్వరం దిగదు. పాత తల చిప్ప సగం జారి మూతి మీదే వేలాడుతుంది, కొత్త నోరు దాని వెనక ఇరుక్కుంటుంది. చావడానికి రోజులు పడుతుంది. కొట్టిన మర్నాడే పురుగు బతికుందని అంగడివాణ్ణి తిట్టేవాళ్లను చూశాను. సుడిలో కొత్త రెట్ట పడుతోందా చూడండి అంటాను నేను.

అమ్మ కాసేపు ఆలోచించి, “మన సంపూర్ణ లాంటిదేనా?” అంది. ఉలిక్కిపడ్డాను. పురుగులన్నీ ఒకేసారి పండి గూడు కట్టాలని ఆకు మీద చల్లే ‘సంపూర్ణ’లో ఉండేది మొక్కల నుంచి తీసిన ఎక్డైస్టిరాయిడే, అంటే ఎక్డైసోన్ కుటుంబంలోదే. నేను పుస్తకంలో వెతికింది ఏళ్లుగా మా షెడ్డులోనే ఉంది.

మొన్న పక్క చేనాయన మొక్కజొన్నకు ఆ మందే కొట్టాడు. గాలి మా మల్బరీ వైపు ఉంది. పట్టుపురుగూ గొంగళే కదా. నేను నోరు తెరిచేలోపే అమ్మ గట్టు పక్క నాలుగు సాళ్ల ఆకు కొయ్యొద్దని కూలోళ్లకు చెప్పేసి, గట్టెక్కి కేకేసింది: “కొట్టేముందర ఒక మాట చెప్పన్నా!”